ముదిమిలో మ్రోగిన తీగెలు



ఈ నెల మీతో ఒక సంగీత కచేరిని గూర్చి మాట్లాడాలని ఉంది. అది మన పెన్న ఒడ్డున జరిగింది కాదు. 2011 డిసెంబరు 12న ఫ్రాన్సు దేశములోని పారిస్ పట్టణములో, బూఫ్ దు నోర్ అనే పాత నాటకశాలలో జరిగింది. వాయించినవారు హాలెండు దేశస్థుడైన గుస్తావ్ లెయోన్‌హార్ట్. అప్పటికి ఆయన వయస్సు 83 సంవత్సరములు. దేహములో వ్యాధి ఉంది. అయినను తిన్నగా కూర్చొని, తన జీవితమంతా వాయించిన వాయిద్యము మీద చేతులుంచి, కచేరి ముగించాడు. ఇకమీదట బహిరంగముగా వాయించనని తెలియజేశాడు. సరిగ్గా అయిదు వారములకు, 2012 జనవరి 16న, ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములో కన్నుమూశాడు.

సంగం చుట్టుపట్ల పల్లెలలో పైరు చూసుకొని, గొడ్లను చూసుకొని, ఆదివారము ఆరాధనకు వచ్చే మన కుటుంబములకు ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాము. అయితే ఆ పెద్దమనిషి వేళ్ళను చూసినప్పుడు, మా సంఘములోని మరొక ముసలివాని వేళ్ళు మాకు జ్ఞాపకము వచ్చాయి. ఆయన విషయములో మేము చేసిన తప్పు కూడ జ్ఞాపకము వచ్చింది. అది చెప్పడానికే ఈ వ్యాసము.

ఈ వాయిద్యము ఏమిటి?

కిందటి వేసవిలో, మా సంఘములో పెరిగి ఇప్పుడు విదేశములో ఉద్యోగము చేసుకుంటున్న ఒక యౌవనస్థుడు మా ఫోనుకు కొన్ని రికార్డింగులు పంపించాడు. “అయ్యగారూ, తీరిక ఉన్నప్పుడు వినండి. ఈయన కూడ దేవాలయములో వాయించినవాడే” అని చెప్పాడు. రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత వరండాలో మంచము వేసుకొని విన్నాము. మొదట వింతగా ఉంది. వీణ తీగెలను గోటితో మీటినట్లుంది, కాని ఒక్కసారే ముగ్గురు నలుగురు మీటుచున్నట్లుంది.

ఆ వాయిద్యము పేరు హార్ప్సికార్డ్. చూడటానికి పియానో వలె ఉంటుంది, మన హార్మోనియమునకు ఉన్నట్లే మెట్లు ఉంటాయి. అయితే లోపల గాలి తిత్తి లేదు. మెట్టు నొక్కగానే సన్నని చెక్క పుల్ల ఒకటి పైకి లేస్తుంది. దానికి పక్షి ఈక కాడతో చేసిన చిన్న ములుకు అమర్చి ఉంటుంది. ఆ ములుకు తీగెను మీటుతుంది. వేలు ఎత్తగానే పుల్ల కిందికి దిగి, దానికి అతికించిన గుడ్డ ముక్క తీగెను తాకి, నాదమును ఆపుతుంది. ఇప్పుడు ఈకకు బదులు ప్లాస్టిక్ ములుకు కూడ వాడుతున్నారు.

ఇందులో ఒక విశేషము ఉంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా నాదము ఇంచుమించు ఒకే మోతాదులో వస్తుంది. బలము ఉపయోగించి దీనిని పెద్దగా మ్రోగించలేరు. అందుచేత వాయించేవాడు మరొక విధముగా పని చేయాలి. ఏ స్వరమును ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎప్పుడు విడిచిపెట్టాలి అనే మూడు సంగతులలోనే అతని నేర్పంతా ఉంటుంది. పైగా వాతావరణములో తేమ మారితే శ్రుతి తప్పుతుంది. అందువలన ఇది వాయించేవారు శ్రుతి చేసుకోవడము కూడ నేర్చుకుంటారు.

యూరపులో సుమారు 1500 మొదలుకొని 1700ల చివరి వరకు ఈ వాయిద్యము గౌరవముగా ఉంది. తరువాత పియానో వచ్చింది. దానిని ఇటలీలో క్రిస్టోఫోరి అనే పనివాడు 1700 ప్రాంతములో చేశాడు. అందులో తీగెను చిన్న సుత్తి కొడుతుంది గనుక మెల్లగాను పెద్దగాను వాయించవచ్చు. పెద్ద శబ్దము వచ్చేసరికి చిన్న శబ్దమును అందరూ మరచిపోయారు. హార్ప్సికార్డులు మూలకు చేరాయి. వంద సంవత్సరములకు పైగా వాటిని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. ఇరువదవ శతాబ్దములో వాటిని మరల వెలుగులోనికి తెచ్చిన వారిలో లెయోన్‌హార్ట్ ముఖ్యుడు.

కరువు దినములలో దొరికిన పని

ఆయన 1928 మే 30న పుట్టాడు. తలిదండ్రులు సంగీతమంటే ప్రేమ గలవారు, ఇంట్లో ఒక హార్ప్సికార్డు ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944–45 చలికాలములో, హాలెండు దేశములో ఘోరమైన కరువు వచ్చింది. వేలాదిమంది ఆకలితోను చలితోను చనిపోయారు. పదహారేండ్ల ఈ పిల్లవాడు బయటికి రాకుండ ఇంట్లోనే దాగి ఉండవలసి వచ్చింది. బడి లేదు, కరెంటు లేదు. ఆ దినములలో అతనికి తోడుగా ఉన్నది ఆ వాయిద్యమే. ఇతరులకు కేవలము బాధగా గడచిన దినములు అతనికి బాధతోపాటు జీవితపు పనిని కూడ చూపించాయి.

యుద్ధము తరువాత స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణములో మూడేండ్లు పాత సంగీతము చదువుకున్నాడు. 1950లో వియన్నా పట్టణములో మొదటి కచేరి చేశాడు. తరువాత ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములో స్థిరపడి, ప్రొటెస్టంటు దేవాలయములో ఆర్గన్ వాయించే సేవ చేశాడు. మొదట వాలూన్ సంఘపు దేవాలయములోను, తరువాత న్యూవే కెర్క్ అనే పెద్ద దేవాలయములోను ఆయన ఆర్గనిస్టు. ప్రపంచమంతటా పేరు వచ్చిన తరువాత కూడ ఆ సేవ మానలేదు.

జర్మనీ దేశపు భక్తుడైన సంగీతకారుడు జొహాన్ సెబాస్టియన్ బాఖ్ ఆరాధనల కొరకు వ్రాసిన కాంటాటాలు అనే గీతమాలికలు సుమారు 200 నేటికి మిగిలి ఉన్నాయి. లెయోన్‌హార్ట్, ఆయన మిత్రుడు హార్నన్‌కోర్ట్ కలిసి వాటిని 1971 మొదలుకొని దాదాపు ఇరువది సంవత్సరములు శ్రమపడి రికార్డు చేశారు. ఆ పనికి 1980లో ఇద్దరికీ ఎరాస్మస్ బహుమానము వచ్చింది. ఆ బాఖ్ తన దేవాలయ రచనల చివర మూడు అక్షరములు వ్రాసుకునే అలవాటు గలవాడు. దేవునికి మాత్రమే మహిమ అని వాటి అర్థము.

లెయోన్‌హార్ట్ వాయించేటప్పుడు తల ఊపడు, చేతులు ఎగురవేయడు, ముఖములో నటన చూపడు. నిటారుగా కూర్చొని, రచన ఏమి కోరుతుందో అది చేస్తాడు. చూసేవారి కన్ను ఆయన మీద నిలువకుండ, చెవి పాట మీద నిలిచేటట్లు చేస్తాడు. వాక్యము చెప్పే మాకు ఇది ఒక గద్దింపు వలె తోచింది.

పెద్దవారి నుండి చిన్నవారికి

ఆయన కచేరీలలో ఎక్కువగా వినిపించినది సుమారు 1550 నుండి 1750 వరకు వ్రాయబడిన సంగీతము. ఇంగ్లాండులో విలియం బర్డ్, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వేలింక్, రోములో ఫ్రెస్కొబాల్డి, అతని శిష్యుడు ఫ్రోబెర్గర్, పారిస్‌లో లూయీ కూపరాఁ, చివరికి బాఖ్. ఈ పేర్లు మనకు కొత్త. అయితే వారి చరిత్రలో మనము గమనించవలసిన సంగతి ఒకటి ఉంది.

స్వేలింక్ 1562లో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పాత దేవాలయములో నలువదేండ్లకు పైగా ఆర్గన్ వాయించాడు. ఆయనకు ముందు ఆయన తండ్రి, ఆయన తరువాత ఆయన కుమారుడు అదే బల్ల మీద కూర్చున్నారు. 1578లో ఆ పట్టణము సంస్కరణ సంఘములో చేరింది. అప్పటి సంఘపెద్దలు ఆరాధనలో వాయిద్యము వద్దన్నారు. ఆయన అలిగి వెళ్ళిపోలేదు. ఆరాధనకు ముందు, తరువాత, సాయంకాలములలో ప్రజలకు వాయించి వినిపించాడు. దావీదు కీర్తనల గ్రంథములోని 150 కీర్తనలకూ గాయకుల కొరకు సంగీతము కూర్చాడు. మరి ముఖ్యముగా శిష్యులను తయారు చేశాడు. జర్మనీ నుండి యౌవనులు ఆయన యొద్దకు వచ్చి నేర్చుకున్నారు. వారిలో షైడెమన్ అనేవాడు హాంబుర్గ్ పట్టణములో ఆర్గనిస్టు అయ్యాడు. షైడెమన్ శిష్యుడు రైన్కెన్. గురువు తరువాత అదే దేవాలయములో అతడు సేవ చేశాడు.

ఆ రైన్కెన్ ముసలివాడయ్యాడు. 1720లో బాఖ్ హాంబుర్గ్‌కు వచ్చి అతని యెదుట ఆర్గన్ వాయించాడు. యూదులు చెరపట్టబడి, బబులోను దేశములో నదుల ఒడ్డున కూర్చుండి ఏడ్చి, తమ సితారాలను చెట్లకు తగిలించిన 137వ కీర్తన మీద జర్మను సంఘము పాడుకునే ఒక పాట ఉంది. బాఖ్ ఆ పాటను తీసుకొని దాదాపు అరగంట సేపు కల్పించి వాయించాడు. విన్న ముసలి రైన్కెన్, ఈ విద్య చచ్చిపోయిందనుకున్నాను గాని నీలో అది బ్రతికే ఉన్నదని అన్నాడట. డెబ్బది ఏండ్లు దాటిన ఆయన నోట ఆ మాట రావడానికి ముందు ఎన్ని సంవత్సరములు ఆ భయము ఆయన హృదయములో ఉండెనో! తనతోపాటు తన విద్య కూడ మట్టిలో కలిసిపోతుందేమో అనే భయము అది.

ఈ గొలుసు చూడండి. స్వేలింక్, షైడెమన్, రైన్కెన్, ఆ తరువాత అతని యెదుట వాయించిన బాఖ్. పెద్దవాని చేతినుండి చిన్నవాని చేతికి. ఎక్కడైనా ఒక్క కడియము తెగిపోతే తరువాత వచ్చేవారికి ఏమీ అందదు. లెయోన్‌హార్ట్ కూడ ఎంతోమందికి నేర్పించాడు. ఆయన శిష్యులలో టోన్ కూప్‌మన్ వంటివారు పేరు పొందారు. 2011లో ఆ నాటకశాలలో చివరి స్వరము ఆగిపోయినప్పుడు, విద్య ఆగిపోలేదు.

మన తెలుగు అక్షరములకు ఉన్న సంబంధము

ఆ సంగీతపు కాలమునకు మన తెలుగు క్రైస్తవులకు ఏ సంబంధమూ లేదని అనుకోవద్దు. బాఖ్ 1723 నుండి 1750లో చనిపోయేవరకు లైప్జిగ్ పట్టణములో సేవ చేశాడు. దానికి సుమారు 35 కిలోమీటర్ల దూరములో హాల్లె అనే ఊరు ఉంది. ఇంచుమించు సంగం నుండి నెల్లూరుకు పోయినంత దూరము. హల్లెలూయ గీతమునకు పేరు పొందిన హాండెల్ 1685లో పుట్టినది ఆ ఊరిలోనే. మద్రాసులో తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేయడానికి పూనుకున్న బెంజమిన్ షుల్ట్జ్ అనే లూథరన్ మిషనరీ తిరిగి వెళ్ళి నివసించినదీ అక్కడే. 1746, 1747 సంవత్సరములలో ఆయన హాల్లెలో తెలుగు అక్షరములు పోత పోయించి, చిన్న క్రైస్తవ పుస్తకములు అచ్చు వేయించాడు. మన భాషలో అచ్చయిన మొదటి పుస్తకములు అవే. అదే 1746లో బాఖ్ పెద్ద కుమారుడు ఫ్రీడెమన్ ఆ ఊరి పెద్ద దేవాలయములో ఆర్గనిస్టుగా చేరాడు. ఒకే ఊరిలో ఒక వీధిలో తెలుగు అక్షరము అచ్చయింది, మరొక వీధిలో బాఖ్ కుమారుని చేతి కింద దేవుని స్తుతి మ్రోగింది. దేవుని పనులు ఎంత వింతైనవి!

హార్ప్సికార్డు మన దేశమునకు కూడ వచ్చింది. 1789లో కలకత్తాలో బర్డ్ అనే పేరు గల మరొక సంగీతజ్ఞుడు హిందూస్థానీ పాటలను ఈ వాయిద్యమునకు అనుకూలముగా వ్రాసి అచ్చు వేయించాడు. అయితే మన ఎండకు, వానకాలపు తేమకు దాని చెక్క, దాని తీగెలు తట్టుకోవడము కష్టము. మన పల్లెలలో నిలిచినది మరొక వాయిద్యము. 1842లో పారిస్‌లో దెబైన్ అనేవాడు హార్మోనియమునకు హక్కు పత్రము పొందాడు. అది మిషనరీలతోను, దొరలతోను ఓడలలో వచ్చింది. మొదట కాలితో తొక్కి వాయించేది. తరువాత కలకత్తా పనివారు దానిని నేల మీద కూర్చొని ఎడమ చేతితో తిత్తి ఆడించి వాయించేటట్లు మార్చారు. నెత్తిన పెట్టుకొని ఒక పల్లె నుండి ఇంకొక పల్లెకు మోసుకొని పోవచ్చు గనుక, సువార్త పనిలో అది మన వాయిద్యమైపోయింది. ఆకాశవాణి వారు 1940 నుండి 1971 వరకు దానిని తమ కార్యక్రమములలో నిషేధించారు. అయినను మన దేవాలయములలో అది మ్రోగుతూనే ఉంది. రేడియో వద్దన్న పెట్టెను సంఘము వద్దనలేదు.

మరి దానిని వద్దన్నది ఎవరు? మా సంఘములోనైతే, మేమే.

పెట్టె తాత

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ ఆయనను పెట్టె తాత అంటారు. హార్మోనియమును మావాళ్ళు పెట్టె అనే పిలుస్తారు. పదునాలుగేండ్లప్పుడు తన తండ్రి దగ్గర నేర్చుకొని, యాభై ఏండ్లకు పైగా సంఘములో వాయించారు. వారమంతా కూలి పని, ఆదివారము పెట్టె. కొడవలి పట్టి కాయలు కాచిన ఆ వేళ్ళు మెట్ల మీదికి రాగానే మెత్తబడేవి. పెండ్లికి, సమాధి కార్యక్రమమునకు, క్రిస్మసు రాత్రి ఇండ్ల వెంట పాడటానికి ఆయనే. కీర్తనల పుస్తకములో పాట మాత్రమే ఉంటుంది. రాగము ఆయన తలలో ఉంటుంది.

2019లో క్రిస్మసుకు యౌవనస్థులు చందాలు వేసుకొని ఎలక్ట్రానిక్ కీబోర్డు, రెండు పెద్ద సౌండు బాక్సులు కొన్నారు. వారి ఉత్సాహము మంచిదే. తాళము కూడ దానిలోనే వస్తుంది. మీట నొక్కితే డ్రమ్ములు, తబలా, అన్నీ మ్రోగుతాయి. రెండు వారములు పెట్టె, కీబోర్డు రెండూ పెట్టి చూశాము. ఆ శబ్దములో పెట్టె వినబడలేదు. శ్రుతి కూడ కలువలేదు. అప్పుడు మేము ఆయన యొద్దకు వెళ్ళి, “తాతా, ఇంతకాలము కష్టపడినావు. ఇక విశ్రాంతి తీసుకో. పిల్లలు చూసుకుంటారు” అని చెప్పాము. గౌరవముగానే చెప్పామని అనుకున్నాము. ఆ క్రిస్మసుకు ఒక శాలువా కూడ కప్పాము.

ఆయన ఏమీ అనలేదు. పెట్టెను దుప్పటిలో చుట్టుకొని ఇంటికి తీసుకొనిపోయారు. ఆ తరువాత ముందు వరుసలో ఆయన చోటు ఖాళీ అయింది. వెనుక స్తంభము పక్కన కూర్చొనేవారు. పాటల సమయములో ఆయన పెదవులు కదిలేవి గాని గొంతు వినబడేది కాదు. అయిదారు సంవత్సరములు మేము దానిని చూశాము, కాని గమనించలేదు. కాపరి చూడటము వేరు, గమనించటము వేరు అని ఇప్పుడు తెలిసింది.

తాత అడిగిన ప్రశ్న

ఆ రికార్డింగులు విన్న కొద్ది దినములకు సాయంకాలము ఆయన ఇంటికి వెళ్ళాము. వేపచెట్టు కింద కూర్చొని ఉన్నారు. “తాతా, నీకొకటి వినిపిస్తాను” అని ఫోను ఆయన చేతికిచ్చాము. చెవికి దగ్గరగా పెట్టుకొని కండ్లు మూసుకున్నారు. ఒక పాట అయ్యేవరకు కదలలేదు.

“ఇది పెట్టె గాదు, తీగె. గాలి లేదు దీంట్లో” అన్నారు. కొంచెము ఆగి, “అయ్యగారూ, ఆయన నొక్కేది గాదు, ఎత్తేది వినండి. వేలు ఎప్పుడు ఎత్తాల్నో తెలిసినోడు. మా నాయన నన్ను అందుకే కొట్టేవోడు” అని నవ్వారు.

మేము పుస్తకములు చూసి తెలుసుకున్న సంగతిని ఆయన ఒక్క పాటలో పట్టుకున్నారు. మేము ఆశ్చర్యపోయాము. ఆ వాయించినవారు 83 ఏండ్ల వరకు వాయించారని, చివరి కచేరి చేసిన అయిదు వారములకే చనిపోయారని చెప్పాము. తాత ఆయన పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఒక్క మాట అడిగారు.

“ఆయన కాడ నేర్చుకున్నోళ్ళు ఉండారా?”

“ఉన్నారు తాతా. చాలామంది ఉన్నారు.”

“మంచిది. నాకు లేరు” అన్నారు.

ఆ మాటలో నింద లేదు. లేనందువలననే మాకు ఎక్కువ నొప్పి కలిగింది. పెట్టె ఎక్కడ ఉందని అడిగితే అటక చూపించారు. దింపి చూస్తే తిత్తి తోలును ఎలుకలు కొరికాయి, నాలుగైదు మెట్లు పలకలేదు. చెరలో ఉన్నవారు సితారాలను చెట్లకు తగిలించారు. మా తాత తన పెట్టెను అటక మీద పెట్టాడు. వారిని చెరపట్టినది బబులోను రాజు. ఈయనను మూల కూర్చోబెట్టినది సొంత సంఘము. ఆ చీకట్లో, వేపచెట్టు కింద, మేము ఆయన చేతులు పట్టుకొని క్షమించమని అడిగాము. “పొండయ్యగారూ, మీరేం జేసినారు” అన్నారు గాని, చేయి వదలలేదు.

వాక్యము ఏమి చెప్తుంది?

ఇంటికి వచ్చి వాక్యము తెరిచాము. సంఖ్యాకాండము 8వ అధ్యాయము చివర లేవీయుల సేవను గూర్చి ఒక కట్టడ ఉంది. ఇరువది అయిదేండ్లకు వారు పనిలో చేరాలి. ఏబది ఏండ్లు రాగానే ఆ బరువు పని మానాలి. ఇంతవరకే చదివి, ముసలివారికి విశ్రాంతి ఇవ్వమని దేవుడే చెప్పాడు గదా అని మేము సమాధానపడవచ్చు. కాని తరువాతి మాట కూడ చదవాలి. వారు గుడారములో తమ సహోదరులతో ఉండి, వారికి తోడ్పడాలని అక్కడ వ్రాయబడి ఉంది. బరువు దింపమన్నాడు గాని, బయటికి పంపమనలేదు. భుజము మీది మోత తీసివేశాడు, గుడారములోని చోటు తీసివేయలేదు. మేము మోతతోపాటు చోటు కూడ తీసివేశాము.

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో దావీదు ఏర్పాటు చేసిన గాయకుల, వాయిద్యగాండ్ల లెక్క ఉంది. నేర్పు గలవారందరు 288 మంది. వారు చీట్లు వేసుకొని వంతులు పంచుకున్నారు. గురువు, శిష్యుడు అనే భేదము చూడలేదు, చిన్న, పెద్ద అనే తేడా పెట్టలేదు. అంటే, వారిలో నేర్పేవాడు ఉన్నాడు, నేర్చుకొనేవాడు ఉన్నాడు, ఇద్దరూ ఒకే సేవలో ఉన్నారు. ముసలివారు మానుకున్న తరువాత యౌవనులు రావడము కాదు, కలిసి నిలువబడటము.

శబ్దమును గూర్చి కూడ ఒక మాట. ఏలీయా హోరేబు కొండ మీద నిలిచినప్పుడు పెద్ద గాలి వచ్చింది, భూకంపము వచ్చింది, అగ్ని వచ్చింది. ప్రభువు వాటిలో లేడు. వాటి తరువాత వచ్చిన మెల్లని స్వరము విని ప్రవక్త ముఖము కప్పుకున్నాడు. పెద్ద శబ్దము పాపమని మేము అనము. 150వ కీర్తనలో మ్రోగే తాళములకు కూడ చోటు ఉంది. కాని అదే కీర్తనలో తీగె వాయిద్యములకూ చోటు ఉంది. పెద్ద శబ్దము చిన్న శబ్దమును మింగివేస్తే మాత్రము, ఆ కీర్తనలో సగమును మనము చింపివేసినట్లే.

మేము చేసిన పని, మీరు చేయదగిన పని

యౌవనస్థులను పిలిచి ఉన్నదున్నట్లు చెప్పాము. తప్పు మీది కాదు, కాపరిగా మాది అని ఒప్పుకున్నాము. వారే పెట్టెను నెల్లూరు తీసుకొనిపోయి బాగు చేయించారు. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారము బల్ల ఆరాధన సమయములో సౌండు బాక్సులు ఆపివేస్తాము. తాత పెట్టె, సంఘము గొంతులు, అంతే. మొదటి రెండు వారములు కొందరు సణిగారు. మూడవసారి ఒక తల్లి వచ్చి, తన పక్కనున్న అత్త పాడటము చాలా కాలమునకు విన్నానని చెప్పింది.

తాతకు ఎడమ చేయి వణుకుతుంది. తిత్తి అరగంట కంటే ఎక్కువ ఆడించలేరు. అందుకని ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి పక్కన కూర్చొని తిత్తి ఆడిస్తుంది, ఆయన కుడి చేతితో మెట్లు వాయిస్తారు. శనివారము సాయంకాలము ఆ అమ్మాయి, మరొక పిల్లవాడు ఆయన ఇంటికి వెళ్ళి నేర్చుకుంటున్నారు. కీబోర్డు వాయించే యౌవనస్థుడు కూడ వెళ్తున్నాడు. రాగములు తెలియక ఏదో ఒకటి కలిపి వాయించే పాటలు కొన్ని ఉండేవి. ఇప్పుడు అవి సరి అయ్యాయి. ఆ అమ్మాయికి ఇంకా మూడు పాటలే వచ్చు. వేలు ఆలస్యముగా ఎత్తుతుందని తాత కోప్పడుతుంటారు. తన తండ్రి వలె కొట్టడము లేదు.

ప్రియులారా, మీ సంఘములలో కూడ ఇటువంటివారు ఉంటారు. పెట్టె వాయించినవారు, డోలక్ కొట్టినవారు, పుస్తకము చూడకుండ పాత కీర్తనలు చరణములన్నీ పాడగల అవ్వలు. వారికి మీరు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, వారి ఇంటికి వెళ్ళి వారిచేత ఒక పాట పాడించుకోండి, వాయించుకోండి. రెండవది, పుస్తకములో లేని రాగములను, ఫోను మీ చేతిలోనే ఉంది గనుక, పాట పేరు, పాడినవారి పేరు, తేదీ చెప్పి రికార్డు చేసి భద్రపరచండి. మూడవది, ఒక్క పిల్లవానినైనా, పిల్లనైనా వారి దగ్గర కూర్చోబెట్టండి. నాలుగవది, సంఘపెద్దలారా, ఎవరికైనా శాలువా కప్పేముందు, ఆ శాలువా సన్మానమా, సాగనంపడమా అని మీ మనస్సాక్షిని అడగండి.

లెయోన్‌హార్ట్ తన చివరి కచేరిని తానే నిర్ణయించుకున్నాడు. బలము తగ్గిందని తెలిసినప్పుడు, తన చేతులతో తానే ఆ మూత మూశాడు. ఆయనకు ఆ భాగ్యము కలిగింది. మా పెట్టె తాత మూతను మేము మూశాము. దేవుడు కనికరించి దానిని మరల తెరిపించాడు. ఇక ఆ మూత ఎప్పుడు మూయాలో తాత, ఆయన ప్రభువు చూసుకుంటారు. ఆలోగా మూడు పాటలు వచ్చిన ఆ అమ్మాయి నాలుగవ పాట నేర్చుకోవాలని మా ప్రార్థన.

ముసలితనములోను చిగురు పెట్టే చెట్ల వలె, మీ ఇండ్లలోని పెద్దలను ప్రభువు పచ్చగా ఉంచును గాక. వారి చేతులలోనిది మీ పిల్లల చేతులలోనికి చేరువరకు మనకు మెలకువ దయచేయును గాక. ఆమేన్.